నాలుగేళ్ళు బతికిన కంపెనీ కారు

మా ఎదురింటి కృష్ణచైతన్య కాలు ఒకచోట నిలిచే రకం కాదు. ఫ్లాట్ బుష్‌లో మా వీధికొచ్చి మూడేళ్ళు కావస్తోంది, అతని లెక్కలో అదే రికార్డు. అంతకుముందు హామిల్టన్ పక్కన రోటోటూనాలో కొన్నాళ్ళు, వెల్లింగ్టన్‌లో కొన్నాళ్ళు, మళ్ళీ రోటోటూనాలో కొన్నాళ్ళు. ప్రొద్దుటూరు నుంచి బెంగళూరు, అక్కణ్ణుంచి ఈ దేశం. కంప్యూటర్ ఉద్యోగం కాబట్టి ఎక్కడికెళ్ళినా దొరుకుతుంది, అదే వచ్చిన చిక్కు. దొరక్కపోయి ఉంటే ఓ మూల పడి ఉండేవాడేమో.

మనిషి మంచివాడు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇకమీద అతన్ని తిడుతూనే ఉంటాను. నా మోకాలి ఆపరేషనప్పుడు మా చెత్తడబ్బాలు వారం వారం అతనే రోడ్డు మీద పెట్టాడు. పెట్టినవాడు పెట్టి ఊరుకున్నాడా? మా లెటర్‌బాక్స్ వంకరగా ఉందని పీకేశాడు. సిమెంటు తెస్తానని వెళ్ళి, ఆ సాయంత్రానికి తేనెటీగలు పెంచడం మీద పడ్డాడు. లెటర్‌బాక్స్ నేనే పాతుకున్నాను. తేనెటీగలయ్యాక క్రికెట్ అంపైరింగ్, అదయ్యాక ఇంట్లో రొట్టెలు చెయ్యడం. వాళ్ళ గరాజ్‌లో కారుకి చోటు లేదు, అన్నీ సగం సగం సరదాలే.

భార్య నిరుపమ ప్రొద్దుటూరులోనే ఫార్మసీ చదివిన పిల్ల. ఇక్కడ ఫార్మసిస్టుగా పనిచెయ్యాలంటే మళ్ళీ పరీక్షలు రాసి, ఏడాది ఇంటర్న్‌గా చెయ్యాలి. ఊరు మారిన ప్రతిసారీ ఆ చదువు మధ్యలో ఆగింది, ప్రతి ఊళ్ళోనూ మందుల షాపు కౌంటర్ దగ్గర మళ్ళీ మొదట్నుంచీ. ఇప్పటికి మనురేవాలో ఓ షాపువాళ్ళు ఇంటర్న్‌గా తీసుకున్నారు. సెప్టెంబరులో చివరి పరీక్ష.

"అంకుల్, ఆ పరీక్ష అయ్యేదాకా ఆయన యాడికీ పోకుండా ఉంటే చాలు నాకు" అని ఆ అమ్మాయి మా ఇంటికొచ్చినప్పుడల్లా అనేది. నవ్వుతూనే అనేది.

జనవరిలో ఓ శనివారం మా చైతన్య ఉల్లిపాయల కోసం పుకెకోహె వైపు వెళ్ళాడు. అక్కడ పొలాల గేటు దగ్గరే బస్తాలు పెట్టి అమ్ముతారు. వెళ్ళినవాడు మధ్యాహ్నానికి కూడా రాలేదు. సాయంత్రం నేరుగా మా ఇంటికే వచ్చాడు, బస్తా లేదు, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"అంకుల్, అక్కడో షెడ్‌లో కారుంది. 1912ది! అమెరికాది! హాల్‌బ్రూక్ అంట!"

"ఎప్పుడూ వినలేదే."

"ఎవరూ వినలేదు అంకుల్! అదే కదా!"

నేను పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసి రిటైరైనవాణ్ణి, శనివారాలు నాకు పనేమీ ఉండదు. మరుసటి వారం నన్ను కూడా కారెక్కించాడు. సదరన్ మోటర్‌వే మీద దారి పొడుగునా ఆ కంపెనీ కథే.

ఇండియానా రాష్ట్రంలో ఓ చిన్న ఊళ్ళో ఎల్మర్ హాల్‌బ్రూక్ అనే ఆయన గుర్రపు బండ్లు తయారుచేసేవాడట. 1909లో కార్లు మొదలుపెట్టాడు. మొదటి ఏడాది కారు చిన్నది, చెయిన్‌తో నడిచేది, బురదలో కూడా ఆగేది కాదు. పల్లెటూరి డాక్టర్లు, రైతులు ఎగబడి కొన్నారు. వేరేవాడైతే అదే కారుని పదేళ్ళు అమ్ముకునేవాడు. ఈయన రెండో ఏడాదికే చెయిన్ తీసేశాడు. మూడో ఏడాది ఇంజన్ మార్చాడు. నాలుగో ఏడాది గేర్ల వరస కూడా తిరగేశాడు. ప్రతి కారూ ముందుదాని కంటే మంచిదేనట, ఆ మాట అందరూ ఒప్పుకుంటారట. కానీ పోయిన ఏడాది కారు కొన్నవాడు ఏదో విరిగిందని ఉత్తరం రాస్తే, ఆ సామాను తయారుచెయ్యడం మానేశాం, కొత్త కారు ఇంకా బాగుంటుంది అని జవాబొచ్చేది. కొన్నవాళ్ళకి ఒళ్ళు మండింది, బ్యాంకులవాళ్ళు చేతులెత్తేశారు. 1913లో ఫ్యాక్టరీ మూతపడింది. ఆ షెడ్లలో తర్వాత కుర్చీలు తయారయ్యాయి. హాల్‌బ్రూక్ గారు మాత్రం ఆగలేదు. కోడిగుడ్లు పొదిగే పెట్టెలు చేశాడు, విమానాల రెక్కలు చేశాడు, చివరికి కాలిఫోర్నియాలో ఓ అద్దె గదిలో పోయాడు. అప్పటికీ గోడ నిండా కొత్త కారు బొమ్మలేనట.

"ఏం బుర్ర అంకుల్ అది! ఒక్క చోట ఆగలేదు!" అన్నాడు చైతన్య, స్టీరింగ్ మీద చెయ్యి కొట్టి.

వెనక సీట్లో నిరుపమ ఉంది. "పెళ్ళాం పిల్లలు ఉండారా ఆయనకి?" అని అడిగింది.

చైతన్యకి తెలియదు. ఇంటర్నెట్‌లో ఆ కార్లవాళ్ళ గ్రూపు ఉంది, ప్రపంచం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఇంజన్ గురించి పేజీలకి పేజీలు రాసుకున్నారు గానీ, ఇంటావిడ గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదట.

కారు యజమాని కోలిన్‌కి ఎనభై దాటాయి. ఎర్రమట్టి అంటిన బూట్లు, పొట్టి నిక్కరు, రెండు మాటలకోసారి నవ్వు. ఆయన తాతగారు ఓ గుర్రం, రెండు ఆవులు ఇచ్చి ఆ కారు తీసుకున్నాడట. ఓడ దిగిన మరుసటి ఏడే కంపెనీ పోయింది. నూరేళ్ళకి పైగా ఆ కుటుంబమే విరిగిన ప్రతి ముక్కనీ సొంతంగా చేసుకుంటూ నడిపింది. ఇప్పుడు ఉల్లిపొలం ఇళ్ళ కంపెనీ చేతిలోకి వెళ్ళిపోతోంది. ఏడాది చివరికి కోలిన్ రిటైర్‌మెంట్ విలేజ్‌కి మారాలి, అక్కడ కార్లకి షెడ్ ఉండదు. పిల్లల్లేరు.

"అమ్మాలంటే రేపే అమ్ముడవుతుంది. నాక్కావలసింది కొనేవాడు కాదు. ఈ చుట్టుపక్కలే ఉండి, నెలకోసారైనా బయటికి తీసి, ఏదీ మార్చకుండా చూసుకునే మనిషి కావాలి. శనివారాలు వస్తూ ఉండు. చూద్దాం" అన్నాడు చైతన్యతో.

ఆ క్షణం నుంచి మావాడికి నిద్ర లేదు. అంతగా దేన్నైనా కోరుకోవడం అతనిలో నేనెప్పుడూ చూడలేదు. ప్రతి శనివారం మాకంటే ముందే రెడీ. కోలిన్ ఓపిగ్గా నేర్పేవాడు, చైతన్య ఓపిక లేకుండా నేర్చుకునేవాడు. ఒక నట్టు బిగిస్తూ రెండోదాని గురించి అడిగేవాడు. ఇంజన్ స్టార్ట్ చెయ్యడానికి కారు ముందుండే హ్యాండిల్ తిప్పబోతూ గేరు చూసుకోవాలని, చక్రాలకి చెక్క అడ్డం పెట్టాలని కోలిన్ చెప్పిన ప్రతిసారీ "తెలుసు, తెలుసు" అనేవాడు. అయినా నాకు ఆశ పుట్టింది. ఈ కారు చేతికొస్తే మావాడు ఇక్కడే పాతుకుపోతాడు, ఆ పిల్ల పరీక్ష రాసుకుంటుంది అనుకున్నాను. నిరుపమ కూడా అదే అనుకుంది. లేకపోతే వాహన పూజ మాట ఎందుకెత్తుతుంది?

మార్చిలో కారు చాలా ఏళ్ళ తర్వాత షెడ్‌లోంచి బయటికొచ్చే రోజు వచ్చింది. పూజ చేస్తామంటే కోలిన్ సంబరపడిపోయాడు. నిరుపమ చింతపండు, ఉప్పు తెచ్చి కారు ముందున్న ఇత్తడి దీపాలు తోముతుంటే పక్కన కూర్చుని చూశాడు. "ఇన్నేళ్ళూ డబ్బాలకి డబ్బాలు పాలిష్ వాడి తగలేశాను" అని నెత్తి కొట్టుకున్నాడు. కారుని షెడ్ ముందుకి తోసి, చక్రాలకి చెక్కలు అడ్డం పెట్టి, "నా మాత్రలు మింగి, టోస్ట్ తిని వస్తాను. నేనొచ్చాక స్టార్ట్ చేద్దాం" అని చెప్పి ఇంట్లోకి వెళ్ళాడు.

పసుపు, కుంకుమ, పువ్వులు, కొబ్బరికాయ అన్నీ అయ్యాయి. అక్కడ అర్ధరాత్రి దాటినా నిద్ర మానుకుని, ప్రొద్దుటూరు నుంచి నిరుపమ వాళ్ళమ్మ వీడియోలో ఉంది. ఆవిడ ఉన్నట్టుండి గుర్తు చేసింది.

"శనివారం గదమ్మా, తొమ్మిదికి రాహుకాలం వస్తాది. ఆలోపల బండి కదిలించండి."

తొమ్మిదికి ఇంకా కాస్త టైముంది. ఇంకొకరైతే లోపలికెళ్ళి కోలిన్‌ని పిలిచేవాళ్ళు, లేదా పదిన్నర దాకా ఆగేవాళ్ళు. మనవాడు ఆగితే కదా! చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలి, అడ్డంగా చెక్కలున్నాయి. చెక్కలు తీసి పక్కన పారేశాడు, నిమ్మకాయలు పెట్టాడు.

"కోలిన్‌ని రానియ్యి" అంది నిరుపమ.

"గేరు న్యూట్రల్‌లోనే ఉందిలే. చూడు, లీవర్ నిటారుగా ఉంది."

నిటారుగానే ఉంది. లీవర్ నిటారుగా ఉంటే న్యూట్రల్ అని ఆ ఇంటర్నెట్ గ్రూపువాళ్ళు పంపిన పాత పుస్తకంలో ఉందట. ఆ పుస్తకం 1911 కారుది; ఈ కారులో నిటారుగా ఉంటే గేరు పడి ఉన్నట్టు, దొర్లకుండా కోలిన్ అలా పెట్టి వెళ్ళాడు. 1912 కారుకి హాల్‌బ్రూక్ గారు గేర్ల వరస తిరగేశాడని మోటర్‌వే మీద మాకు వర్ణించి చెప్పింది కూడా ఈ మహానుభావుడే.

ముందుకెళ్ళి హ్యాండిల్ పట్టుకుని ఒక్క ఊపు ఊపాడు. ఇంజన్ ఢామ్మని అందుకుంది, కారు కదిలింది. నిమ్మకాయలు శాస్త్రోక్తంగా చితికాయి. చైతన్య పక్కకి దూకాడు కాబట్టి బతికాడు. కారు అతని మానాన అతన్ని వదిలేసి, నింపాదిగా వెళ్ళి, తీగల కంచె తెంపుకుని, పశువులు నీళ్ళు తాగే సిమెంటు తొట్టిని గుద్దుకుని ఆగింది. ముందున్న ఇత్తడి రేడియేటర్ లోపలికి నొక్కుకుపోయింది, నీళ్ళు బుసబుసా కారిపోతున్నాయి. ఫోన్‌లో వాళ్ళమ్మ "ఏమైందే, ఏమైందే" అని అరుస్తూనే ఉంది.

కోలిన్ చేతిలో టోస్ట్‌తో బయటికొచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది. కారు చుట్టూ తిరిగి, చైతన్య చేతులు పట్టుకుని మణికట్లు విరగలేదని చూసి, "సరే. అందరూ టీ తాగండి" అన్నాడు.

ఆ కారుకి రేడియేటర్ ప్రపంచంలో ఎక్కడా దొరకదు. చైతన్య ఆ వారమంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఆస్ట్రేలియాలో కొత్తది చేయించవచ్చన్నాడు, కంప్యూటర్‌లో గీసి ప్రింట్ కొట్టించవచ్చన్నాడు, వేరే కంపెనీది తెచ్చి తగిలించవచ్చన్నాడు. కోలిన్ ససేమిరా అన్నాడు. ఉన్నదాన్నే విప్పాలి, గొట్టాలన్నీ ఒక్కొక్కటిగా ఊడదీయాలి, నొక్కుకుపోయినవి సరిచెయ్యాలి, సీసం కరిగించి మళ్ళీ మాట్లు వెయ్యాలి. చలికాలమంతా పడుతుంది. చైతన్య రెండు శనివారాలు కూర్చున్నాడు. మూడో శనివారం తలనొప్పన్నాడు, నాలుగో శనివారం ఆఫీసు పనన్నాడు. ఆ తర్వాత సాకులు చెప్పడం కూడా మానేశాడు.

నిరుపమ వెళ్ళింది. మొదటిసారి క్షమాపణ చెప్పడానికి పులిహోర పట్టుకెళ్ళింది, పూజ తనదే కాబట్టి తప్పు కూడా తనదే అనుకుంది పిచ్చిపిల్ల. వెళ్ళినదాన్ని కోలిన్ ఊరికే కూర్చోనివ్వలేదు, మాటు వేసే కడ్డీ చేతికిచ్చాడు. ఆ తర్వాత ప్రతి శనివారం షాపు అవగానే మోటర్‌వే ఎక్కేది. జూన్, జూలై ఇక్కడ చలికాలం, ఆ వానల్లో కూడా మానలేదు. కొన్నిసార్లు నేనూ వెళ్ళేవాణ్ణి. ఆ షెడ్‌లో హీటర్ పక్కన ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఓ గొట్టం కారితే విప్పి మళ్ళీ వేసేవాళ్ళు. నిరుపమ మందుల పేర్లు పైకి చదువుతుంటే కోలిన్ తన మాత్రల పేర్లు వచ్చినప్పుడల్లా చెయ్యెత్తేవాడు.

ఆగస్టులో చైతన్యకి బ్రిస్బేన్‌లో ఉద్యోగం వచ్చింది. ఇంట్లో చెప్పినప్పుడు వాళ్ళమ్మాయి వైదేహి "ఎందుకు" అని అడగలేదట. "ఎప్పుడు" అని అడిగిందట, అదీ తల ఎత్తకుండా. పద్నాలుగేళ్ళకి నాలుగు బళ్ళు మారిన పిల్ల, అట్టపెట్టెలు ఎక్కడ దొరుకుతాయో కూడా దానికి తెలుసు. నాకు మండుకొచ్చింది. గేటు దగ్గర పట్టుకుని నిలదీశాను.

"ఏమయ్యా, ఇంకో నెలలో ఆ పిల్లకి పరీక్ష. ఇప్పుడా?"

"అక్కడ కూడా రాసుకోవచ్చు అంకుల్. ఛాన్స్ ఇలా మళ్ళీ రాదు. సోమవారం లోపల చెప్పమన్నారు."

ఆ శనివారమే రేడియేటర్ బిగిస్తున్నామని, అందర్నీ రమ్మని కోలిన్ ఫోన్ చేశాడు. నిరుపమ ముందే వెళ్ళింది. చైతన్య రానన్నాడు, నేను చెయ్యి పట్టుకుని కారెక్కించాను. వెళ్ళేసరికి షెడ్ ముందు నిలిపిన కారులో ఇంజన్ నడుస్తోంది. ఇంజన్ తాలూకు ఆ చప్పుడు వినగానే మావాడి మొహం మళ్ళీ జనవరి నాటి మొహమైపోయింది. చుట్టూ తిరిగాడు, రేడియేటర్ కింద చెయ్యి పెట్టి చూశాడు. చుక్క కూడా కారడం లేదు.

ఇంజన్ ఆపి కోలిన్ అడిగాడు. "బ్రిస్బేన్ అంట కదా. మరి ఈ కారు ఎక్కడుంటుంది?"

"కంటెయినర్‌లో పంపించుకుంటాను! అక్కడ పెద్ద పెద్ద క్లబ్బులున్నాయి, రోడ్లు కూడా బాగుంటాయి. నాకిస్తే ప్రతి వారం నడుపుతాను కోలిన్, మాటిస్తున్నాను." గడగడా చెప్పేశాడు. చెప్పేటప్పుడు అతను మనస్ఫూర్తిగానే చెప్పాడు, అతనితో వచ్చిన బాధ అదే.

"ఆ తర్వాత బ్రిస్బేన్ నుంచి యాడికి?" అంది నిరుపమ.

కోలిన్‌కి తెలుగు రాదు, అయినా వెనక్కి జరిగి బెంచీ మీద కూర్చున్నాడు.

"నీరూ, ఇప్పుడు కాదు. ఇంటికెళ్ళి మాట్లాడదాం."

"ఇంట్లో ఎన్నిసార్లు మాట్లాడలే? ఆ హాల్‌బ్రూక్ కథ నువ్వే చెప్తివి. పోయిన ఏడాది బండి కొన్నోళ్ళకి నట్టు గూడా దొరకలేదంట. మన ఇంట్లో ఆ బండి కొన్నోళ్ళం నేనూ, పాపా. నువ్వు కొత్తది మొదలుపెడ్తావు, మేము యాడన్నా ఇరిగితే ఇంగ దానికి సామాను ఉండదు. నాకు కోపం గూడా రాట్లే చైతన్యా, అలుపొస్తాంది. నువ్వు పోతే పో. నేను పరీక్ష రాస్తా. పాప ఈ బళ్ళోనే చదువుతాది. మేము రాము."

గొంతు పెంచలేదు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూనే అంది. చైతన్య బిక్కచచ్చిపోయాడు. నా వంక చూశాడు, నేను చూపు తిప్పుకున్నాను.

కోలిన్ లేచి వచ్చి, ఇంగ్లీషులోనే, మామూలుగా, కారు నిరుపమ పేరు మీద రాస్తున్నానని చెప్పాడు. వాళ్ళ గరాజ్ ఖాళీ చేసుకోమన్నాడు. నిరుపమ వద్దనలేదు. ఏడ్చింది మాత్రం, అప్పుడు ఏడ్చింది.

ఆదివారమంతా వాళ్ళ గరాజ్ తలుపు తెరిచే ఉంది. తేనెటీగల పెట్టెలు ట్రెయిలర్‌లోకి ఎక్కిస్తూ కనిపించాడు, మళ్ళీ దించుతూ కనిపించాడు. వెళ్ళడానికి సర్దుతున్నాడో, కారుకి చోటు చేస్తున్నాడో కిటికీలోంచి చూస్తున్న నాకూ, మా ఆవిడకీ అర్థం కాలేదు. అడగడానికి ధైర్యం చాల్లేదు.

సోమవారం పొద్దున్నే మా తలుపు కొట్టాడు. గడ్డం పెరిగింది, చేతిలో ఫోన్ పట్టుకున్నాడు.

"రానని రాసి పంపేశాను అంకుల్."

లోపలికి రమ్మన్నాను, రాలేదు. మా మెట్ల మీదే కూలబడ్డాడు. కాఫీ తెచ్చిస్తే పట్టుకున్నాడు గానీ తాగలేదు. మోకాలు ఒకటే ఊగుతోంది. వీధిలో జనం ఆఫీసులకి కార్లు తీస్తున్నారు, ఒక్కో కారు వెళ్ళినప్పుడల్లా దాని వెంటే తల తిప్పి మలుపు దాకా చూస్తున్నాడు.

"భయంగా ఉంది అంకుల్. ఎక్కడికీ వెళ్ళేది లేదంటే ఊపిరాడనట్టుంది. ఇప్పుడేం చెయ్యాలండీ?"

నలభై ఏడేళ్ళ మనిషి, చిన్నపిల్లాడిలా అడిగాడు. నాకున్న కోపమంతా ఎటుపోయిందో తెలియదు. భుజం మీద చెయ్యేశాను.

"ఆ పిల్ల ఇవాళ షాపుకెళ్ళాలి కదా. వెళ్ళి క్యారేజీ కట్టు" అన్నాను.

"రేపు?"

"రేపూ కట్టు."

కాసేపు కూర్చున్నాడు. తర్వాత కాఫీ గ్లాసు నా చేతికిచ్చి, రోడ్డు దాటి ఇంట్లోకి వెళ్ళాడు.